అమ్మీ సందూకులో జానమాజ్

మన ఇళ్లలో పాతగుడ్డకి రెండే దారులు. మసిగుడ్డగా బావర్చీఖానాలోకి వెళ్తుంది, లేదంటే పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే మనిషి మూటలోకి. బందరులో పుట్టిన మా నానీమా జానమాజ్ రెండింటినీ తప్పించుకుని అమ్మీ సందూకు అడుగుకి చేరింది. మధ్యలో మిహ్రాబ్, దాని కింద సరో చెట్టు, చుట్టూ పూల హాషియా. ఖలమ్‌కారీ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా తమ్ముడి ఇంట్లో సందూకు మూడు రోజులు నీళ్లలో ఉంది. తెరిస్తే కొత్త దుపట్టాల రంగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. జానమాజ్‌కి బురద పట్టిందే గాని ఎరుపు ఎరుపుగానే ఉంది, నలుపు నలుపుగానే ఉంది.

పెడనలో అద్దకం పని చూసినవాళ్లకి ఇది వింతనిపించదు. నూలుగుడ్డని కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో నలుపు అచ్చేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు. పారే నీటిలో జాడించి, రంగు వేళ్లతో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. అలా నీళ్లలో నాని, ఉడికి తయారైన గుడ్డని బుడమేరు ఏం చేస్తుంది!

మేడమీద నీడలో ఆరేస్తే ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. వారం తిరక్కుండా ఒక సౌదాగర్ వచ్చాడు. శౌఖీన్ల కోసం పాత వస్తువులు కొంటాడట. మనిషికి నజర్ ఉంది, ఒప్పుకోవాలి. ముందు వెనక్కి తిప్పి రంగు ఎంత లోపలికి దిగిందో చూశాడు. అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడాల మీద వేలు నడిపాడు. ఆ తేడాలే చేతిపనికి సబూత్ అట. అంతా అయ్యాక, సజ్దాలో నుదురు ఆనే చోటా మోకాళ్ల చోటా అరిగింది కాబట్టి సగం ధరే అన్నాడు.

అమ్మీ అంది: "ఘిసా సో ఇచ్ తో మేరీ అమ్మీ హై. బాకీ తో కప్డా హై."

సగం ధరైనా చిన్న మొత్తం కాదు. ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ బురదపాలై ఉన్నాయి. తమ్ముడు అలిగాడు. ఆ అలకలో ఇన్సాఫ్ లేకపోలేదు.

ఖలమ్, కారీ రెండూ మా ఉర్దూ బడి మాటలే. కలంతో గీసే పని శ్రీకాళహస్తిది, బందరుది ఎక్కువగా చెక్క అచ్చుల పని. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కోఠీ పెట్టింది. వాళ్లు పలాంపోర్ అన్నది మన పలంగ్‌పోష్‌నే. ఇలాంటి అచ్చుబట్టల ధాటికి భయపడి ఫ్రాన్సు 1686లో వాటిని బంద్ చేసి 1759 దాకా ఎత్తలేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640–50 నాటి గోల్కొండ రుమాల్ ఒకటి భద్రంగా ఉంది. ఇక్కడేమో 1864 నవంబరు 1 నాటి ఉప్పెనకి బందరు వైపు దాదాపు 30 వేలమంది పోయారు. పోయిన గుడ్డల లెక్క ఎవరు రాస్తారు?

అమెరికాలో ఆడవాళ్లు మిగిలిన ముక్కలతో కుట్టిన క్విల్టులు, మన బొంతల్లాంటివే, 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడకెక్కాయి. చూసినవాళ్లు నవీన చిత్రకళలా ఉందని మురిసిపోయారు. కుట్టినవాళ్ల పేర్లు పట్టించుకోలేదన్న విమర్శ తర్వాత వచ్చింది. మన జానమాజ్ అచ్చేసిన కారీగర్ పేరు నాకూ తెలీదు. నేలమీద పరిచి నమాజు చేసినావిడ పేరైనా దానితో ఉండాలి కదా.

ఒక ముచ్చట. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని దేశం దాటించకూడదని 1972 చట్టం చెబుతోంది. బేరంలో సౌదాగర్ "నూరేళ్ల పైమాటే" అన్నాడు. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు ఫోన్లో "మరి ఇక్కడికి తేవచ్చా మామూ" అనగానే అదే గుడ్డ అరవై ఏళ్లదైపోయింది.

అమ్మలేదు. తమ్ముడింటికి ఫ్రిజ్ కిస్తుల మీద వచ్చింది. జానమాజ్‌ని మడత పెట్టకుండా గొట్టానికి చుట్టి, పైన ఉతికిన మల్‌మల్ కప్పాం. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, మన డెల్టా ఉక్కకి లోపలే బూజు పడుతుంది. పక్కన ఒక కాగితం: నానీమా పేరు, ఊరు, నికాహ్ అయిన సంవత్సరం, వరద తేదీ. ఉర్దూలో రాసి, కింద తెలుగులోనూ రాశాను. మేనల్లుడికి ఉర్దూ చదవడం రాదు.

షబేఖద్ర్ నాడు మాత్రం అమ్మీ దాన్ని పరిపిస్తుంది. మోకాళ్ల నొప్పులు, కుర్చీలో కూర్చునే నమాజు. పాదాలు ఆనే చోట ఇప్పుడు కొత్తగా అరుగుతోంది. సౌదాగర్ మళ్లీ వస్తే ఇంకాస్త తగ్గిస్తాడు.