తాత గీతకత్తి, పట్నం బీరు



మేమిద్దరం అన్నదమ్ములం. దుమ్ముగూడెం వైపు కోయ పిల్లలం. చాలా రోజుల్నుంచి రాద్దామనుకుంటున్న మాట ఇది.

పోయిన నెల మా ఊరి అన్న ఒకాయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో మమ్మల్ని మైక్రోబ్రూవరీకి తీసుకుపోయాడు. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. వడ్డించే అబ్బాయి ఒక్కో గ్లాసు పెట్టి, ఇది గోధుమ బీరు, ఇందులో ఈ రుచి వస్తుంది, తాజాగా తాగాలి అని చెప్తున్నాడు. అన్న ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. విదేశాల్లో కొందరు ఇట్లాంటి క్రాఫ్ట్ బీరు తాగుతూ, తాము సేకరించిన పాతకాలం మడతకత్తుల్ని బల్ల మీద వరసగా పెట్టుకుంటారట. పిడి ఏ కొమ్ముతో చేశారు, ఉక్కు ఎక్కడిది అని గంటలు గంటలు మాట్లాడుకుంటారట.

"మన తాత చేసిందీ ఇదే కదరా" అన్నాడు అన్న. ముగ్గురం నవ్వాం. తర్వాత మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

మా ఇంట్లో కూడా కత్తులున్నాయి. అవ్వ నడుముకు దోపుకునే చిన్న కత్తి, దుంపల చెక్కు తీయడానికి. వెదురు చీల్చే కత్తి, లారీ కమాన్ కట్ట ముక్కతో ఊరి కమ్మరి చేసింది. భద్రాచలం శ్రీరామనవమి తిరునాళ్లలో నాన్న కొన్న మడతకత్తి. మొత్తం మూడు. నాలుగోది తాత గీతకత్తి. అది లేదు.

ఆ కత్తి గురించి చెప్పాలి. పల్చటి అంచు, కొద్దిగా వంపు. తాత రోజూ ఒక చెక్క మీద తెల్లరాయి పొడి చల్లి దాన్ని నూరేవాడు. బొటనవేలి గోరు మీద ఆనించి పదును చూసేవాడు. పోతుతాడి గెల చివర పొద్దున, సాయంత్రం కాగితమంత పల్చగా గీయాలి. మందంగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది. కత్తి మొద్దుబారితే గెల నలుగుతుంది, కల్లు సరిగ్గా కారదు. చెట్టు నుంచి దిగిన తియ్యటి నీరు కొన్ని గంటల్లోనే దానంతటదే పులుస్తుంది. ఈస్టు ఎవరూ కలపక్కర్లేదు, అది గాలిలో, కుండలో ఉంటుంది. పొద్దుటి కల్లు వేరు, మధ్యాహ్నం కల్లు వేరు. సొరకాయ బుర్రలో పోసి, ముందు నేల మీద పెద్దలకు నాలుగు చుక్కలు వదిలి, తర్వాత ఆకు దొప్పల్లో పంచేవాళ్లు. తాత పక్కన కత్తి ఉండేది.

అటు అశ్వారావుపేట వైపు కొండరెడ్ల ఊళ్లలో జీలుగు కల్లు. వాళ్లకి జీలుగు అంటే తాగేది మాత్రమే కాదు. కరువులో చెట్టు లోపలి దవ్వ దంచి పిండి చేసుకుని తిన్నారు. హైమండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద పుస్తకమే రాశాడు. మన వాళ్లు చదవాలి.

ఈ చెట్టు కోసం మన పెద్దలు ప్రాణాలిచ్చారు. 1879 రంప తిరుగుబాటు గురించి పరీక్షల కోసం చదివే ఉంటారు. దాని ముఖ్య కారణాల్లో ఒకటి, ఇంటికోసం చెట్టు గీసుకోనివ్వని ఆబ్కారీ నిబంధనలు, దాని పేరు మీద వసూలు చేసిన చిగురుపన్ను. తమ్మన్నదొర ముందు నిలబడ్డాడు. మంట మన భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా వచ్చింది. 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉన్న ఆ ప్రాంతం 2014లో మళ్లీ ఆంధ్రాలోకి పోయింది. సరిహద్దులు మారాయి, చెట్లు మారలేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకుంటాం. తొమ్మిదో తరగతిలో హాస్టల్‌కి వెళ్లేటప్పుడు తాతకి చెప్పకుండా గీతకత్తి పెట్టెలో వేసుకుపోయాం. స్నేహితులకు చూపిద్దామని. తనిఖీలో దొరికింది. తీసుకున్నారు. పిల్లల దగ్గర కత్తి ఉండకూడదు, అది న్యాయమే. కానీ "తాగుబోతు పిల్లలు, అడవి బుద్ధి పోదు" అని అందరి ముందు అన్నారు. ఆ మాట తర్వాత కత్తి ఇంటికి పంపండి అని అడగడానికి మాకు నోరు రాలేదు. సెలవులకి ఇంటికి వెళితే తాత వెతుకుతున్నాడు. "ఎక్కడ పడిందో అయ్యా" అన్నాడు. మేము తెలియదన్నాం. తాత వేరే కత్తి చేయించుకున్నాడు గానీ అది చేతికి కుదరలేదన్నాడు. ఆ తర్వాతి ఏడాది చెట్టెక్కడం మానేశాడు. రెండేళ్లకు పోయాడు. మేము నిజం చెప్పనేలేదు.

ఇది రాస్తున్నది తాగమని కాదు. చదువుకునే తమ్ముళ్లు ముఖ్యంగా గమనించాలి. మన ఊళ్లను పాడు చేసింది బెల్టుషాపు సీసాలు. అవి ఏ చెట్టువో, ఎవరు చేశారో మనకి తెలీదు. 1996 పీసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకి ఇచ్చింది. ఆ అధికారం వాడుకుందాం. కానీ కల్లుని, సీసాని ఒకే గాటన కట్టి సిగ్గుపడొద్దు. ఆ అబ్బాయి తన బీరు గురించి గర్వంగా చెప్తుంటే, మా తాత పని గురించి మేం ఎప్పుడూ అట్లా చెప్పలేదని గుర్తొచ్చింది.

ఈ వేసవికి ఊరొచ్చాం. మామ దగ్గర గీత నేర్చుకుంటున్నాం. మొదటి రోజు అన్న మందంగా కోశాడు. మామ తిట్టలేదు. "మీ తాత కూడా మొదట్లో ఇట్లాగే పాడుచేశాడు" అన్నాడు. అప్పుడు మామకి కత్తి సంగతి చెప్పేశాం. కాసేపు ఊరుకుని, "నూరు, రేపు మళ్లీ ఎక్కుదువు" అన్నాడు.

మీ ఇళ్లలో ఏ కత్తులున్నాయి, వాటితో ఎవరు ఏం చేసేవాళ్లు, మన భాషలో ఏమంటారు? పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. మేము ఆలస్యం చేశాం.

జై ఆదివాసీ.