రింగుల జుట్టుకు ఏ దువ్వెన?

"మా అమ్మాయికి జుట్టు పెరగడం లేదు మేడమ్" అంటూ వచ్చే తల్లుల వెంట తరచుగా రింగుల జుట్టు పిల్లలే ఉంటారు. మాడు చూస్తే శుభ్రంగానే ఉంటుంది, కుదుళ్ళూ గట్టిగానే ఉంటాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ పిల్లలకూ పెరుగుతూనే ఉంటుంది. కానీ మొదట్లో పెరిగినంతా చివర్లో విరిగిపోతుంటే పొడవు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ముందు ఒక మాట అడుగుతాను: ఇంట్లో ఏ దువ్వెన వాడతారు, ఎప్పుడు దువ్వుతారు? దీనికి సరైన జవాబు దొరికితే చాలామందికి మందుచీటీతో పని ఉండదు.

ఆ మధ్య ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. అప్పటికే బయోటిన్ మాత్రలు మింగింది, ఉల్లిపాయ నూనె రాసింది. జుట్టు మాత్రం భుజం దాటలేదు. ఒక వెంట్రుకను డెర్మోస్కోప్ (పెద్దది చేసి చూపే పరికరం) కింద పెట్టి చూస్తే పొడవునా అక్కడక్కడా తెల్లటి చుక్కలు. చుక్క ఉన్నచోట వెంట్రుక పోగులు విడిపోయి, రెండు పెయింటు బ్రష్షుల్ని ఎదురెదురుగా గుచ్చినట్టు ఉంది. దీన్ని ట్రైకోరెక్సిస్ నోడోసా అంటాం. వేళ్ళతో కాస్త లాగితే సరిగ్గా చుక్క దగ్గరే పుటుక్కున తెగింది. వాళ్ళమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచి దువ్వెన చూపించారు. పళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న చిన్న దువ్వెన. పొద్దున్నే కాలేజీ బస్సు వచ్చేలోపు, పొడి జుట్టు మీద, మాడు దగ్గర మొదలుపెట్టి కిందికి ఒకటే లాగుడు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగేవట.

సాఫీ జుట్టును అడ్డంగా కోసి చూస్తే ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. రింగుల జుట్టు నొక్కినట్టు కోలగా ఉంటుంది, పైగా దారి పొడవునా మెలికలు తిరుగుతుంది. మెలిక తిరిగిన ప్రతిచోటా బలం తక్కువే. మాడులో ఊరే నూనె ఆ మెలికల మీదుగా చివరిదాకా జారదు కాబట్టి చివర్లు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. అలాంటి జుట్టును పైనుంచి కిందికి దువ్వితే దారిలోని చిక్కులన్నీ పోగై కింద ఒకే ముడి అవుతాయి. ఆ ముడిని లాగినప్పుడల్లా జుట్టు తెగుతుంది.

తడి జుట్టు దువ్వకూడదని మన పెద్దవాళ్ళు చెబుతారు. సాఫీ జుట్టుకు అది నిజమే. తడిసిన వెంట్రుక పొడిదానికంటే ఎక్కువ సాగుతుంది, లాగితే సులువుగా దెబ్బతింటుంది. రింగుల జుట్టుకు మాత్రం పొడిగా దువ్వితేనే నష్టం ఎక్కువ, ఎందుకంటే ఒక వెంట్రుక మెలిక ఇంకొకదానిలో చిక్కుకుని ఉంటుంది. కండిషనర్ రాసి, తడి మీదే దువ్వితే దువ్వెన జారుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా ఈ రెండు రకాల జుట్టుకూ వేరువేరు సలహాలే ఇస్తుంది.

ఇలాంటి జుట్టుకు తగ్గ దువ్వెనలు కొత్తవేమీ కావు. 2013లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఆఫ్రికా దువ్వెనల ప్రదర్శన పెట్టారు. సుమారు ఆరువేల ఏళ్ళ చరిత్ర అది. పొడవాటి పళ్ళు, మధ్యలో బోలెడు ఎడం. చుట్టలు తిరిగిన జుట్టున్న మనుషులు తమ జుట్టును చూసుకుని తయారు చేసుకున్న పనిముట్లవి. మన ఇళ్ళలో ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే దువ్వెన కొంటారు, అదేమో సాఫీ జుట్టు కోసం చేసినది. ఇంట్లో ఒక్క పిల్లకే రింగుల జుట్టుంటే, ఆ దువ్వెనకు లొంగలేదని "గడ్డి జుట్టు", "మొండి జుట్టు" అని పిలుస్తారు. చిన్నప్పట్నుంచీ ఆ మాటలు వింటూ పెరిగి, తన జుట్టంటేనే కోపం తెచ్చుకున్న అమ్మాయిలు ఎందరో నా దగ్గరికి వస్తారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

దువ్వెన కొనేటప్పుడు పళ్ళ మధ్య ఎడం చూడటంతో పని అయిపోదు. అచ్చు పోసిన చవక ప్లాస్టిక్ దువ్వెనల్లో ప్రతి పన్ను పక్కనా సన్నటి అతుకు గీత ఉంటుంది. కంటికి ఆనదు. గోరుతో పై నుంచి కిందికి గీరితే తగులుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే పల్చటి నైలాన్ చున్నీ మీద లాగి చూడమంటాను. చున్నీ పోగును పట్టే దువ్వెన వెంట్రుకనూ పడుతుంది. ప్లాస్టిక్‌దైనా చెక్కదైనా నున్నగా ఉండాలి, అంతే. దువ్వెన పెట్టేముందు వేళ్ళతో పెద్ద చిక్కులు విడదీసి, పాయలు చేసుకుని, ఒక్కో పాయనూ మధ్యలో గుప్పిట పట్టుకుని కింది కొసల నుంచి మొదలుపెట్టాలి. కొసలు విడిపోయాక నాలుగు వేళ్ళ మేర పైకి. అలా పట్టుకుంటే మాడు మీద లాగుడు పడదు, పిల్లా ఏడవదు.

తల తుడుచుకునే గుడ్డ కూడా పనిముట్టే. ముతక టర్కీ టవల్‌తో రుద్దితే వెంట్రుక పైపొర లేచిపోతుంది. ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె ఉంటే దాంతో కింది నుంచి పైకి అద్దితే చాలు, మైక్రోఫైబర్ టవల్ కొనక్కర్లేదు. మర్నాడు జుట్టు చెదిరితే మళ్ళీ దువ్వకుండా ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసాతో కాస్త తడిపి, వేళ్ళతో సర్దుకోవాలి.

వేడి పనిముట్ల విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఒకామె రోజూ తలస్నానం చేసి, సగం ఆరిన జుట్టు మీదే స్ట్రెయిట్‌నర్ పెట్టేది. "సుయ్యిమని చప్పుడు వస్తుంది మేడమ్, ఆవిరే కదా అనుకున్నా" అంది. ఆవిరే. కాకపోతే వెంట్రుక లోపలి నీరు మరిగి పుట్టిన ఆవిరి. మైక్రోస్కోప్ కింద ఆ వెంట్రుకల లోపల వరసగా బుడగలు కనిపించాయి. బుడగ పడినచోట వెంట్రుక డొల్ల అయిపోతుంది, దాన్ని పూడ్చే సీరం ఏదీ లేదు. కత్తిరించి, కొత్తది పెరిగేదాకా ఆగాల్సిందే.

డ్రయ్యర్ వద్దని మాత్రం అనను. కొరియా పరిశోధకులు 2011లో కొలిచి చూస్తే, డ్రయ్యర్ 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు వేడి 47 డిగ్రీలు, 5 సెంటీమీటర్లకు దగ్గర చేస్తే 95 డిగ్రీలు. జానెడు దూరం ఉంచి, ఒకచోట ఆపకుండా తిప్పుతూ వాడితే పెద్దగా హాని లేదు. రింగుల జుట్టుకు డిఫ్యూజర్ నిజంగా పనికొస్తుంది. డ్రయ్యర్ మూతికి తగిలించే ఈ గిన్నెలాంటి సాధనం గాలిని చెదరగొడుతుంది కాబట్టి ఆరేటప్పుడు రింగులు విడిపోవు. తడిసినప్పుడు వెంట్రుకలో తెగిన హైడ్రోజన్ బంధాలు ఆరేటప్పుడే మళ్ళీ కుదురుకుంటాయి. అందుకే ఆరే వేళ రింగు ఎలా ఉంటే అదే నిలుస్తుంది.

పార్లర్లో చేసే శాశ్వత స్ట్రెయిటెనింగ్ గురించి అడిగేవాళ్ళకు ఒక్క సంగతి చెబుతాను. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీమ్‌తో జుట్టు సాఫీ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్న 26 ఏళ్ళ మహిళ గురించి ఫ్రాన్స్ వైద్యులు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు.

బడి పిల్లల రెండు జడల సంగతి వేరు. రింగులు కనబడకూడదని నీళ్ళు పెట్టి, బిగించి, సన్నటి రబ్బరు బ్యాండ్లు వేస్తారు. కణతల దగ్గర, పాపిడి పక్కన జుట్టు పలచబడి వచ్చిన పిల్లల్ని చూశాను. తొలిదశలో జడ వదులు చేస్తే తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి లాగితే కుదుళ్ళే పోతాయి. గుడ్డ చుట్టిన బ్యాండు కొనండి, జడ వేశాక పిల్ల నుదురు ముడివేసి విప్పగలుగుతోందో లేదో చూడండి. జడ వదులుగా ఉండాలని స్కూలుకు చీటీ కావాలంటే రాసిస్తాను.

పేల దువ్వెనను పారేయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు, దాని పని దానికుంది. పేలు చూడటానికి కూడా జుట్టు తడిపి, కండిషనర్ బాగా పట్టించి దువ్వడమే మేలు. పొడి జుట్టును పాయలు తీసి కళ్ళతో వెతికితే చాలా పేలు తప్పించుకుంటాయి. ముందు ఎడం పళ్ళ దువ్వెనతో చిక్కు మొత్తం తీసి, ఆ తర్వాతే పేల దువ్వెన మాడుకు ఆనించి కొస దాకా తీయాలి. తీసిన ప్రతిసారీ తెల్ల కాగితం మీద తుడిచి చూడాలి. పేలు కనబడితే ఇంట్లో అందరి తలలూ చూడాలి, సాఫీ జుట్టు వాళ్ళవి కూడా.