బడ్జ్ బడ్జ్ ఓడ, వాంకూవర్ పొద

కలకత్తాలోని సియాల్దా నుంచి దక్షిణం వైపు వెళ్లే ఒక లోకల్ రైలు మార్గంలో చివరి స్టేషన్ బడ్జ్ బడ్జ్. 2013 నుంచి దాని పేరు కొమగాట మారు బడ్జ్ బడ్జ్. ఏమిటీ జపాన్ పేరు అంటారా? అదొక ఓడ పేరండీ. ఓడ కథ మీరు వినే ఉంటారు. అది ఆగిన ఒడ్డున పెరిగే ఒక పొద గురించి చెప్పాలని నా ఆరాటం.

కెనడా పడమటి తీరంలో ఎడతెగని వానలు, చల్లటి గాలి, ఆకాశాన్నంటే దేవదారులు. వాటి నీడలో, వాగుల పక్కన గుబురుగా పెరుగుతుంది సామన్‌బెర్రీ. గులాబీ కుటుంబానిదే. మారేడు దళంలా మూడేసి ఆకులు, ముదురు గులాబీ రంగు పూలు. పండు పసుపు నుంచి ఎరుపు దాకా ఏ రంగులోనైనా ఉండొచ్చు. నీరెక్కువ, తీపి తక్కువ. కోసిన పండు నిలవ ఉండదు, అందుకే బజారుకు రాదు. చెట్టు దగ్గరికే వెళ్లి తినాలి. అక్కడి ఆదివాసులు వసంతంలో లేత చిగుళ్లను కూడా ఒలుచుకుని తింటారు. మన డార్జిలింగ్ కొండల్లో ఐసేలు అనే పసుపు పండు దీనికి చుట్టమే.

ఇది పండేది మే నుంచి జూలై దాకా. 1914లో సరిగ్గా ఆ రోజుల్లోనే, మే 23 నుంచి జూలై 23 వరకు, కొమగాట మారు వాంకూవర్ రేవులో నిలిచిపోయింది. ఓడలో 376 మంది. ఎక్కువమంది పంజాబీ సిక్కులు. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలి, చేతిలో 200 డాలర్లుండాలి అన్న నిబంధనలు చూపి దిగనివ్వలేదు. అంతకుముందే అక్కడ స్థిరపడ్డ కొద్దిమందికే అనుమతి దొరికింది. మిగతావాళ్లు తిండికీ మంచినీళ్లకీ అల్లాడారు. ఒడ్డున అడవి నిండా పండ్లు, ఓడలో ఆకలి! తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

చివరికి యుద్ధనౌకను కాపలా పెట్టి మరీ వెనక్కి పంపారు. సెప్టెంబర్ 29న బడ్జ్ బడ్జ్‌లో దిగితే, తిన్నగా పంజాబ్ రైలెక్కమన్నారు. వాళ్లు కాదని గురు గ్రంథ్ సాహిబ్‌తో కలకత్తా వైపు నడిచారు. వెనక్కి మళ్లించారు, కాల్పులు జరిగాయి. ఇరవై మంది దాకా ప్రయాణికులు పోయారు.

ఇంకో సంగతి. వివేకానందుడు 1893 జూలైలో షికాగో వెళ్తూ దిగింది ఆ వాంకూవర్‌లోనే. 1897లో విదేశాల నుంచి వచ్చి బెంగాల్ నేల మీద కాలుపెట్టింది ఈ బడ్జ్ బడ్జ్‌లోనే. ఆయనకు రెండు రేవులూ దారిచ్చాయి.

కొమగాట మారును వెనక్కి పంపినందుకు 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మంచిదే, కానీ 102 ఏళ్లు ఆలస్యం.

వాంకూవర్, సర్రే వైపు ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మాట. జూన్‌లో పిల్లల్ని స్టాన్లీ పార్కుకు తీసుకెళ్లి ఈ పొద చూపించండి. పండ్లు కోయొద్దు, పక్షులకు వదిలేయండి. అక్కణ్ణుంచి కోల్ హార్బర్‌లోని కొమగాట మారు స్మారకం దగ్గరికి నడిచి, గోడ మీది ప్రయాణికుల పేర్లు వాళ్ల చేత పైకి చదివించండి.