పాలు పట్టడం నేర్పినా బీమా!

బాలింతను చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట అడిగే మాట ఒకటుంది... 'పాలు పడ్డాయా?' అని. పడలేదంటే ఇక సలహాలకు కొదవుండదు. వెల్లుల్లి కారం పెట్టమని ఒకరు, మెంతులు తినిపించమని ఒకరు, గోదావరి జిల్లాల వాళ్లయితే సొరపుట్టు వండి పెట్టమని మరొకరు. వాటితో పాలు పడతాయో లేదో గానీ, ఆ మాటల వెనక ఓ మనిషి ఉండేది. పక్కన కూర్చుని, బిడ్డ తల సర్ది, 'ఇదిగో, ఇలా పట్టించు' అని చూపించే అమ్మో, అమ్మమ్మో, పెద్దమ్మో. ఆ సాయానికి ఎవరూ ఖరీదు కట్టలేదు.

ఆ మనిషి లేనిచోట ఏం చేయాలి?

న్యూజెర్సీలో కాపురముంటున్న ఓ గుంటూరు అమ్మాయికి ఆ కష్టమే వచ్చింది. కాన్పు నాటికి తల్లి వస్తుందనుకున్నారు. వీసా ఆలస్యమైంది. మామూలు కాన్పే కావడంతో ఆసుపత్రి నుంచి రెండోరోజుకే ఇంటికి పంపేశారు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కాస్త బరువు తగ్గడం సహజమే. కానీ నాలుగోరోజుకి ఈ పాప పుట్టినప్పటి బరువులో పదోవంతు తగ్గిపోయింది. రొమ్ము అందిస్తే ఏడుపు. తల్లికేమో చనుమొనలు చిట్లి నెత్తురు. 'నాకసలు పాలే లేవమ్మా' అని ఫోన్లో ఆ అమ్మాయి భోరుమంది. 'దగ్గరుంటే నేను చూసుకునేదాన్ని కదే' అని అవతల తల్లీ కళ్లొత్తుకుంది. రాత్రి పదకొండింటికి భర్త వెళ్లి పాలడబ్బా కొనుక్కొచ్చాడు.

మర్నాడు పిల్లల డాక్టరు బిడ్డను చూసి, డబ్బాపాలు కొద్దికొద్దిగా పడుతూనే వెంటనే ల్యాక్టేషన్ కన్సల్టెంట్‌ను కలవమన్నారు. తల్లిపాలు పట్టడంలో మెలకువలు నేర్పే నిపుణురాలన్నమాట. ఒక్కసారి చూపించుకోవడానికి రెండొందల డాలర్లు! 'పాలివ్వడం నేర్చుకోవడానికి కూడా డబ్బులా... వద్దులే' అనేసింది ఆ అమ్మాయి. ఉండబట్టలేక భర్త బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. 'మా జాబితాలో అలాంటివాళ్లు మీ దగ్గర్లో లేరు. బయట చూపించుకుంటే ఖర్చు మీదే' అన్నారు.

అక్కడితో ఊరుకుంటే కథ అయిపోయేది. పిల్లల తల్లి అయిన ఓ సహోద్యోగి అతనికి అసలు సంగతి చెప్పింది.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, 2012 ఆగస్టు 1 తర్వాత మొదలైన బీమా సంవత్సరం నుంచి చాలా ప్రైవేటు బీమా పథకాలు తల్లిపాలకు సంబంధించిన సలహా, సాయం, బ్రెస్ట్ పంపు... మూడూ ఉచితంగా ఇవ్వాలి. తల్లి చేతి నుంచి పైసా పడకూడదు. కంపెనీ జాబితాలో నిపుణులే లేకపోతే బయటివాళ్ల దగ్గర చూపించుకున్నా ఖర్చు కంపెనీదేనని 2015 అక్టోబరులో ప్రభుత్వం స్పష్టం చేసింది. ఆసుపత్రిలో ఉన్న రెండ్రోజులకే ఈ సాయాన్ని పరిమితం చేయకూడదనీ, బిడ్డ పాలు తాగినన్నాళ్లూ అందాలనీ చెప్పింది.

భర్త మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఆ నిబంధన చెప్పి, పై అధికారితో మాట్లాడించమన్నాడు. సాయంత్రానికి అనుమతి వచ్చింది.

వచ్చిన నిపుణురాలు గంటకు పైగా కూర్చుంది. తాగకముందోసారి, తాగాక ఓసారి బిడ్డను తూచింది. పాలు లేకపోవడం కాదు, పాప చనుమొన కొసను మాత్రమే పట్టుకుంటోంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. దిండు ఎత్తు మార్చి, బిడ్డ గడ్డం ఆనేలా పడుకోబెట్టి చూపించింది. బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయనీ, అందుకే మధ్యలో పంపు వాడమనీ చెప్పింది. రెండువారాలు నిండేసరికి పాప పుట్టినప్పటి బరువుకి వచ్చేసింది. డబ్బా అటకెక్కింది. ఆరోవారంలో అమ్మమ్మ విమానం దిగేసరికి నేర్పడానికేమీ మిగల్లేదు... మనవరాలిని ఎత్తుకోవడం తప్ప!

ముందే అడగాలి

అన్ని పాలసీలకూ ఈ నిబంధన వర్తించదు. 2010 మార్చి నాటికే ఉండి, పెద్దగా మారని పాత పథకాలకు మినహాయింపుంది. పంపు కొనిస్తారా, అద్దెకిస్తారా అన్నది పాలసీని బట్టి ఉంటుంది. అందుకే ఏడోనెలలోనే ఫోన్ చేసి జాబితా అడిగి ఉంచుకోవడం మేలు. నెత్తురోడుతూ, నిద్రలేక, బిడ్డ ఏడుస్తుంటే నిబంధనలు వెతికే ఓపిక ఎవరికుంటుంది?

మనదగ్గర ఆరోగ్య బీమా అంటే ఇప్పటికీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే వచ్చే సొమ్మే. అయితే అపార్టుమెంటులో ఒంటరిగా ఉన్న బాలింత కష్టం హైదరాబాద్‌లోనైనా ఒకటే. తేడా అల్లా, ఇక్కడ అడిగే చోటు వేరు. కాన్పయిన ఆసుపత్రి నర్సును, పల్లెలో అయితే ఆశా కార్యకర్తను మొహమాటపడకుండా పిలవాలి. పాలు పట్టడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. మన అమ్మలకూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పిందే. రాలేదని అడగడంలో చిన్నతనమేమీ లేదు!