నాలుగు ఖాళీ పుటలు

ఇషా నమాజు తర్వాత మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళేది. రాత్రి ఒంటిగంట దాటినా ఆ గదిలో దీపం వెలుగుతూనే ఉండేది. డిగ్రీ చివరి సంవత్సరం కదా, పరీక్షలకు చదువుకుంటున్నదని సంతోషించాను. ఒకనాడు ఫజ్ర్‌కు లేపడానికి వెళితే దిండు కింద ఒక ఆంగ్ల నవల కనిపించింది. నల్లని అట్ట మీద రెండు తెల్లని చేతులు, ఆ చేతుల్లో ఎర్రని ఆపిల్ పండు. ఆ ఉదయం ఆమె ఎంత లేపినా లేవలేదు. ఫజ్ర్ దాటిపోయింది.

కోపం పట్టలేక ఆ పుస్తకాన్నీ, దాని తోటి మరి మూడింటినీ బీరువాలో పెట్టి తాళం వేశాను. విజయవాడలో పాత పుస్తకాల దుకాణంలో తన చేతి డబ్బుతో కొనుక్కున్నవి అవి. ఆమె ఎదురు చెప్పలేదు. "అమ్మీ, మీరు ఒకసారి చదవండి. ఆ తర్వాత తాళం వేసినా సరే" అని మాత్రం అన్నది.

నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నదాన్ని. నిఘంటువు పక్కన పెట్టుకొని, వంట ముగిశాక రోజుకు పది పుటల చొప్పున మొదలుపెట్టాను. అమెరికా రచయిత్రి స్టెఫెనీ మేయర్ 2005 నుండి 2008 వరకు ఏడాదికొకటిగా ప్రచురించిన 'ట్విలైట్' నవలల వరుస అది. బెల్లా అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఎడ్వర్డ్ అనే యువకుణ్ణి ప్రేమిస్తుంది. చూడటానికి అతని వయస్సూ పదిహేడే. కాని 1918లో మరణశయ్య మీద ఉండగా రక్తపిశాచిగా మారినవాడు.

ఇటువంటి కథలు మన ఇళ్ళకు కొత్తవేమీ కావు. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 1883లో ప్రారంభించి ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన 'తిలిస్మె హోష్‌రుబా'లో మాంత్రికులూ, మాయానగరాలూ, ప్రేమలో పడే షహజాదాలూ ఉన్నారు. అమీర్ హమ్జా దాస్తాన్‌లోని ఘట్టాలను మా నానీ చిన్నప్పుడు తన తండ్రి నోట విన్నదట. ఆమె చెబుతుంటే మేము అన్నం తినడం మరచి వినేవాళ్ళం. అమర్ అయ్యార్ సంచిలో ప్రపంచమంతా పడుతుందంటే నమ్మిన నేను, ఎండలో మెరిసే పిశాచి కథను చూసి ముక్కు విరవడం న్యాయం కాదనిపించింది.

చదివేకొద్దీ ఆ నవలల ఆకర్షణ ఏమిటో అర్థమైంది. ఎవరూ పట్టించుకోని సాధారణమైన పిల్లను ఒకడు ప్రత్యేకంగా గమనిస్తాడు. ఆమె మాట శ్రద్ధగా వింటాడు. తనలోని దాహాన్ని అణచుకుంటాడు. వివాహం జరిగిన తర్వాతే ఏదైనా అని పట్టుపట్టేదీ అతడే. ఇది నేను ఊహించలేదు.

అయితే నా మనస్సు అంగీకరించని సంగతి కూడా ఒకటి ఎదురైంది. రాత్రివేళ అతడు ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి, నిద్రపోతున్న ఆమెను చూస్తూ కూర్చుంటాడు. తెలిసిన తర్వాత ఆమె దాన్ని ప్రేమగానే స్వీకరిస్తుంది. అనుమతి కోరి, సలాం చెప్పి గాని ఇతరుల ఇళ్ళలో ప్రవేశించకూడదని అన్-నూర్ సూరా మనకు నేర్పింది. ఎంత అందగాడైనా, అడగకుండా లోపలికి వచ్చేవాణ్ణి మంచివాడని నా బిడ్డ నేర్చుకోకూడదు. ఈ మాట ఆమెతో గట్టిగా చెప్పాలని నిశ్చయించుకొని రెండవ సంపుటం తెరిచాను.

'న్యూ మూన్'లో ఎడ్వర్డ్ ఆమెను విడిచి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కొన్ని పుటల్లో కథ ఉండదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి అని నెలల పేర్లు మాత్రమే ఉంటాయి. మిగిలినదంతా తెల్లకాగితం. ఆ తెల్లకాగితం మీద మా అమ్మాయి పెన్సిలుతో సన్నగా వ్రాసుకున్నది.

అక్టోబరు కింద: "అబ్బా ఫోను పెట్టేశారు."

నవంబరు కింద: "చీర, ఉంగరం వెనక్కి పంపాము."

డిసెంబరు కింద: "అమ్మీ ఏమీ అడగలేదు."

జనవరి కింద ఏమీ లేదు.

అంతకు ముందు సంవత్సరం ఆమెకు మంగ్నీ జరిగింది. నిఖా దగ్గరపడేసరికి అవతలివారు కట్నం మాట పెంచారు. మావారు సంబంధం వదులుకున్నారు. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. అల్లాహ్ పెద్ద కష్టం నుండి తప్పించాడని చుట్టాలందరితో అన్నాను. కాని ఆ అబ్బాయిని తన భర్తగా తలచుకుంటూ నెలలు గడిపిన పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు. భర్తను కోల్పోయిన స్త్రీకి నాలుగు నెలల పది దినాల ఇద్దత్ ఉన్నది. ఆ దినాలు ఇంటిల్లిపాదికీ తెలుసు. మంగ్నీ తెగిపోయిన పిల్లకు మాత్రం మేము ఒక్క రోజు కూడా లెక్కపెట్టలేదు. నేను చేయవలసిన పని ఆ ఖాళీ పుటలు చేశాయి.

మరునాడు బియ్యం ఏరుతూ ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందుగా, అడగకుండా ఆమె వ్రాతలు చదివినందుకు క్షమించమన్నాను. తర్వాత బరీరా (రజి) గాథ చెప్పాను. ఆమె బానిసత్వం నుండి విముక్తి పొందినప్పుడు భర్త ముగీస్‌తో ఉండాలో విడిపోవాలో నిర్ణయించుకునే హక్కు ఆమెకు లభించింది. ఆమె విడిపోయింది. ముగీస్ కన్నీళ్ళతో గడ్డం తడుస్తుండగా మదీనా వీధుల్లో ఆమె వెనుక తిరిగాడు. దైవప్రవక్త (స) జాలిపడి, అతని వద్దకు తిరిగి వెళ్ళకూడదా అని ఆమెను అడిగారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారాయన. అయితే నాకు అతని అవసరం లేదన్నది బరీరా. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు.

"నవలల్లో అంతగా వెంటపడితే ఆమె తప్పకుండా లొంగిపోతుంది, బేటా. మన చరిత్రలో ఆ కన్నీళ్ళను ఎవరూ ఎగతాళి చేయలేదు. ఆ నిరాకరణనూ ఎవరూ తప్పుపట్టలేదు" అన్నాను.

ఆమె చాలాసేపు బియ్యంలోకే చూస్తూ ఉండిపోయింది. "ముగీస్ తర్వాత ఏమయ్యాడు అమ్మీ?" అని అడిగింది.

"ఆ ఉల్లేఖనం అక్కడితో ఆగిపోతుంది."

"అయితే ఆయనకూ ఖాళీ పుటలే" అన్నది. అప్పుడు ఏడ్చింది. ఏడాది తర్వాత, నా ముందు, మొదటిసారి.

బీరువా తాళం తీశాను. పదకొండు గంటలకు దీపం ఆర్పాలని, ఫజ్ర్ తప్పకూడదని నియమం పెట్టుకున్నాము. ఈ కోవలో పెద్దల కోసమే వ్రాసిన నవలలు కొన్ని సిగ్గు విడిచి సాగుతాయని ఆమే చెప్పి, వాటి జోలికి వెళ్ళనని మాట ఇచ్చింది. మూడవ సంపుటం ఇద్దరమూ కలిసి చదువుతున్నాము. అతని తప్పులు నాకంటే ఆమెకే ముందుగా కనిపిస్తున్నాయి.

గత వారం ఒక సంబంధం వచ్చింది. మునుపైతే మావారితోనూ మరదులతోనూ మాట్లాడి, అన్నీ కుదిరాక ఆమెకు చెప్పేదాన్ని. ఈసారి ఎవరికీ చెప్పకముందే ఆమె గది దగ్గరకు వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉన్నది. తట్టి, సలాం చెప్పి, లోపలికి రావచ్చునా అని అడిగాను.