ఆఖరి వరుస

మోటారు పందేలంటే నాకు పిచ్చి. ఆ మాట నాది కాదు, మా ఆవిడది. పేకాటకు పోయేవాణ్ణి మందలించవచ్చు. గుర్రాలమీద జీతం ఒడ్డేవాణ్ణి నలుగురిలో నిలదీయవచ్చు. ఇంట్లో కుర్చీలో కూచుని, ఎక్కడో పరదేశంలో కార్లు గుండ్రంగా తిరుగుతుంటే కళ్ళప్పగించి చూసేవాణ్ణి ఏమని కోప్పడతారు? అందుచేత నా పిచ్చి యిన్నేళ్ళూ నిరాటంకంగా సాగింది.

ఒక్కసారి మాత్రం ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది.

2014 అక్టోబరు 5, ఆదివారం. జపానులో సుజూకా పందెం. తుఫాను దగ్గర పడుతూండగా కురిసే వాన. 42వ చుట్టులో ఆడ్రియన్ సూటిల్ అనే జర్మను డ్రైవరు కారు జారి, రోడ్డు దిగి, టైర్ల గోడకు గుద్దుకుంది. అతనికేమీ కాలేదు. కారును పక్కకు తీయడానికి క్రేను వచ్చింది. మరుసటి చుట్టులో, సరిగ్గా ఆ మలుపులోనే యింకో కారు జారి, తిన్నగా పోయి ఆ క్రేను కింద దూరింది. అందులో వున్నవాడు జూల్ బియాంకీ. ఫ్రెంచి కుర్రవాడు, పాతికేళ్ళు.

అది మేము చూడలేదు, టెలివిజనులో చూపలేదు. పందెం ఆపేశారు. గెలిచినవాళ్ళు వేదిక ఎక్కారు గాని, షాంపేను జల్లుకోలేదు. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. అప్పుడడిగింది మా ఆవిడ:

"ఏమండీ, మీరిది ఎందుకు చూస్తున్నట్టు? ఎవడైనా పడతాడేమోననా?"

"ఛ! అవేం మాటలు?" అని గదమాయించాను. గదమాయించాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పందెంలో ముందు వరుసను అందరూ చూస్తారు. నా చూపు ఆఖరి వరుసమీద పడింది మన నారాయణ్ కార్తికేయన్ వల్ల. 2011లో ఆయన స్పెయిన్ దేశపు హెచ్.ఆర్.టి. అనే జట్టులో చేరాడు. పేదజట్టు. ఆ యేడూ, మరుసటి యేడూ కూడా మెల్బోర్న్ లో ఆ జట్టు కార్లకు కనీసవేగం చాలక, పందెంలో నిలబడే యోగ్యతే దక్కలేదు. అంతదూరం వెళ్ళి ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. 2012 చివర జట్టే మూతపడింది. పెళ్ళికి పిలిచి పంక్తిలోనుంచి లేవగొట్టినట్టు నాకు మనసు చివుక్కుమంది. ఆనాటినుంచి ప్రతి పందెంలోనూ నేను వెతికేది ఆఖరి కార్లనే.

పేదజట్టు కారంటే నాసిరకం కారని కాదు. గుద్దుడు పరీక్షలు అందరికీ ఒకటే. తేడా అల్లా, పెద్దజట్టువాడు వదులుకోగలిగిన చుట్టును చిన్నజట్టువాడు వదులుకోలేడు. జ్వరం వచ్చినా సెలవు పెట్టలేని గుమాస్తా వుంటాడు చూడండి, అలాగన్నమాట.

1994 ఇమోలాలో సెన్నా పోయిన సంగతి పందేలు తెలియనివాళ్ళకు కూడా తెలుసు. దానికి ముందురోజు, ఏప్రిల్ 30న, అక్కడే రోలండ్ రాట్సెన్‌బెర్గర్ పోయాడు. ఆస్ట్రియా దేశస్థుడు, 33 ఏళ్ళవాడు. జట్టు సిమ్‌టెక్, ఆ యేడే పందేల్లోకి దిగింది. అతనికి వున్నది అయిదు పందేలకే ఒప్పందం. బ్రెజిల్‌లో యోగ్యత దక్కలేదు, జపానులో పదకొండోవాడుగా వచ్చాడు, ఇది మూడోది. 28 కార్లు వస్తే 26కే చోటు. వేగపరీక్షలో ఒకచోట రోడ్డు దిగాడు. అప్పుడే కారు ముందురెక్క దెబ్బతిన్నదంటారు. లోపలికి వచ్చి చూపించుకోకుండా యింకో చుట్టుకు పోయాడు. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంలో ఆ రెక్క వూడిపోయింది.

మర్నాడు సెన్నా పోయాడు. అతని కారులో చుట్టిపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్సెన్‌బెర్గర్ పేర ఎగరేద్దామనుకున్నాడట. నా సంగతి చెప్పాలంటే సిగ్గు. సెన్నాకోసం వారంరోజులు అన్నం సయించలేదు. రాట్సెన్‌బెర్గర్ పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నది ఎన్నో ఏళ్ళ తరువాత. సిమ్‌టెక్ 1995లో అప్పులతో మూసేశారు.

బియాంకీది కూడా ఆఖరి వరుసే. జట్టు పేరు మారుస్యా. 2010లో మరో పేరుతో మొదలై, నాలుగు సంవత్సరాలు ఒక్క పాయింటు ఎరగదు. 2014 మే నెలలో మొనాకోలో యీ కుర్రవాడు, ఎక్కడో వెనకనుంచి బయలుదేరి, ఎనిమిదోవాడుగా గీత దాటాడు. అయిదు సెకన్ల జరిమానా వేసి తొమ్మిదికి దించారు. పోనీండి, రెండు పాయింట్లు! నేను కుర్చీలోనుంచి లేచి కేకేస్తే మా ఆవిడ వంటింట్లోనుంచి పరుగెత్తుకొచ్చింది.

సుజూకా తరువాతి పందెం రష్యాలో. మారుస్యావాళ్ళు బియాంకీ కారును సిద్ధంచేసి, షెడ్డులో అలాగే నిలబెట్టి, ఒక్క కారుతో పందెం ఆడారు. ఆ నెలాఖరుకు జట్టు దివాలా తీసింది. దాదాపు 200మందికి ఉద్యోగాలు పోయాయి. అయితే ఆ రెండు పాయింట్ల వల్ల పట్టికలో తొమ్మిదో స్థానం నిలిచింది. దానికి రావలసిన బహుమతి సొమ్ము ఆశతోనే మరుసటి ఫిబ్రవరిలో జట్టును మళ్ళీ లేపారు. ఆసుపత్రిలో స్పృహలేకుండా వున్నవాడి సంపాదన! అతను 2015 జూలై 17న పోయాడు. ఆ జట్టుకూ ఆయుష్షు లేదు. 2016లో బ్రెజిల్‌లో సౌబర్ జట్టువాడు తొమ్మిదోవాడుగా వచ్చి రెండు పాయింట్లు తెచ్చుకుని వీళ్ళను దాటిపోయాడు. బహుమతి సొమ్ము చేజారింది, 2017 జనవరిలో తలుపులు మూశారు. అదే తొమ్మిదో స్థానం, అవే రెండు పాయింట్లు.

విచారణ సంఘం, పసుపు జెండాలు చూపినా బియాంకీ చాలినంత వేగం తగ్గించలేదని తేల్చింది. నిజమే అయివుంటుంది. ఆఖరి వరుసవాడికి ఒక్క సెకను ఖరీదెంతో ఆ సంఘానికి తెలియకుండా వుంటుందా అని మాత్రం నా మనసు గొణుగుతూనే వుంటుంది.

ఆ తరువాత, 2018లో, డ్రైవరు తలచుట్టూ గట్టిలోహపు చట్రం పెట్టారు. హేలో అంటారు. చూడ్డానికి బాగుండలేదని నేనూ పెదవి విరిచినవాణ్ణే.

2020 నవంబరు 29, రాత్రి భోజనాలవేళ. బహ్రెయిన్ పందెం మొదటి చుట్టు. రొమైన్ గ్రోజాన్ కారు ఇనప అడ్డుగోడలోకి దూసుకుపోయి, రెండుగా విరిగి, భగ్గుమంది. అతనిదీ చిన్నజట్టే, హాస్. ఆ మంటలో అతను దాదాపు 28 సెకన్లు వున్నాడు. గరిటె చేత్తోనే వుండగా మా ఆవిడ తెర ముందు నిలబడిపోయింది. నేను మొహం తిప్పుకున్నాను.

"వచ్చాడండీ!" అంది చివరికి. చూశాను. మంటల్లోనుంచి కాళ్ళమీదే బయటికి వస్తున్నాడు. ఆ హేలో వద్దని లోగడ అన్నవాళ్ళలో అతనూ ఒకడు.

అన్నం చల్లారిపోయింది. పందెం మళ్ళీ మొదలయ్యేదాకా ఆవిడ కదలలేదు. మొదలయ్యాక నా పక్క కుర్చీ లాక్కుని కూచుని, తెరమీద అట్టడుగున వున్న పేరు చూపించి, "ఎవరండీ, యీ అబ్బాయి?" అని అడిగింది.