కంటికి కానరాని ధనము

గుండ్లకమ్మ నది చేరువనున్న అద్దంకి పేరు తెలుగు సాహిత్య చరిత్రలో స్థిరముగా నిలిచినది. తూర్పు చాళుక్యరాజైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు క్రీ. శ. 848 ప్రాంతమున వేయించిన శాసనము అచ్చట లభించినది. తరువోజ ఛందస్సులోనున్న ఆ శాసనపద్యము ఇంతవరకు దొరకిన తొలి తెలుగు పద్యములలో నొకటి. పండరంగని విజయములతోపాటు దేవునకిచ్చిన భూదానము సంగతియు ఆ శాసనమున కలదు. దానము సంగతిని రాతిపై ఏల చెక్కించిరి? ఇచ్చినవారెవరో, ఇచ్చినదేమో తరువాతి తరములవారు కాదనకుండుటకే. ఆస్తికి బలము వ్రాత. వ్రాతకు బలము నమ్మకము.

ఆ శాసనము వెలసి వేయి సంవత్సరములు దాటినది. నేడు అదే అద్దంకి బజారులో ధనము మరల వ్రాతగా మారుచున్నది. అయితే ఈ వ్రాత రాతిపై లేదు, కాగితముపై లేదు. ఎచ్చటనో దూరమున నున్న కంప్యూటరులలో అంకెలుగా నున్నది. టీ కొట్టు బల్లపైన, కూరగాయల గంపల నడుమ, పండ్ల బండిమీద నలుపు తెలుపు గళ్ళ చిన్న పలక కనబడును. దానిని క్యూఆర్ కోడు అందురు. కొనువాడు తన ఫోనును దాని కెదురుగా పట్టి, అంకెలు నొక్కి, వెడలిపోవును. ‘ఇరువది రూపాయలు అందినవి’ అని కొట్టులోని చిన్న పెట్టె పలుకును. నాణెము గలగలలాడదు, నోటు చేయి మారదు, చిల్లరకొరకు తగవు లేదు.

ఒక తరము క్రిందట ధనము చేతికి తగులునట్టి వస్తువు. పంట సొమ్ము రైతు రొంటిని మూటగా నుండెడిది. ఇల్లాలి పొదుపు కొంగుముడిలోనో పోపుల పెట్టెలోనో దాగెడిది. వర్తకుని సొమ్ము గల్లాపెట్టెలోను, దాని లెక్క చిట్టాలోను ఉండెడిది. సొమ్మెంత యున్నదో చేయి తడిమి తెలిసికొనవచ్చును. పోయినచో మూట తేలికయగుట వెంటనే తెలియును.

ధనము రూపు మారుట క్రొత్త కాదు. ప్రాచీనాంధ్రదేశమున మాడలు, తరువాత వరాహములు చెలామణిలో నుండెను. పిమ్మట రూపాయి వచ్చినది. రూపాయికి పదునారు అణాలు, అణాకు నాలుగు పైసలుగా నుండిన లెక్క 1957 ఏప్రిల్ 1న మారి, రూపాయికి నూరు నయాపైసలైనవి. అణాలకు అలవాటుపడిన పెద్దలు చాలకాలము మనస్సులో పాత లెక్క వేసికొని, క్రొత్త నాణెములు చెల్లించిరి. లెక్క మారినపుడెల్ల తెలియనివాడు తడబడును. తెలిసినవాడు వానికి తోడుపడవలెను.

2016వ సంవత్సరమున ఇంకొక పెద్ద మార్పు వచ్చినది. ఆ యేడు నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దైనవి. దేశములో చలామణియగు నగదు విలువలో నూటికి ఎనుబదియారు వంతులు ఆ నోట్లే. ప్రత్తి తీతలకు కూలి ఇయ్యవలసిన దినములలో రైతులు బ్యాంకుల యెదుట బారులు తీరిరి. యూపీఐ అను చెల్లింపు పద్ధతి ఆ యేడు ఏప్రిల్‌లోనే ఆరంభమై యుండెను. నోట్ల కొరత దానికి దారి చూపినది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే ఈ పద్ధతిని దేశమంతట రెండువేల కోట్లకు పైగా చెల్లింపులు జరిగినవి. అట్లని నగదు మాయము కాలేదు. 2016 నాటికంటె రెండింతలకు మించిన నగదు నేడు జనుల చేతులలో నున్నది. రెండు ధనములు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి.

క్రొత్త ధనము మేలు, కీడు రెండును తెలిసికొనుటకు అద్దంకికి చేరువనున్న ఒక పల్లెలోని వృద్ధ రైతు కథ చాలును. ఆయనకు చదువు రాదు; కాని లెక్క తప్పదు. సొమ్ము పుచ్చుకొన్నపుడు ఒకసారి, ఇచ్చునపుడు రెండుసార్లు ఎంచుట ఆయన అలవాటు. “వచ్చేది తప్పితే మళ్ళీ అడగవచ్చు. పోయేది తప్పితే ఎవరినడుగుతాం?” అనుచుండెడివాడు. పూర్వము గుంటూరు యార్డులో మిరపకాయలమ్మి, రాత్రి బస్సులో తిరిగి వచ్చునపుడు అద్దంకి చేరువరకు రొంటిమీద చేయి తీసెడివాడు కాడు. కన్ను మూసెడివాడు కాడు. ఇప్పుడు మిరప సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాకు చేరుచున్నది. దారిదోపిడి భయము లేదు. బస్సులో హాయిగా నిదురించి వచ్చుచున్నాడు.

ఆయన ఫోను నడుపువాడు ఎనిమిదవ తరగతి చదువు మనుమడు. కరెంటు బిల్లు, గ్యాసుబండ వెల, ఎరువుల కొట్టు బాకీ అన్నియు వాడే చెల్లించును. రహస్య సంఖ్య తాతకు, మనుమనికి మాత్రమే తెలియును. “ఇంటి పెత్తనం వీడిదే” అని ఇరుగుపొరుగువారు పరిహాసమాడిన వానికి గర్వముగా నుండెడిది.

ఒకనాటి సాయంకాలము తాత కల్లములో మిరపకాయలు ప్రోగుచేయుచుండెను. ఖాతాలో 40,000 రూపాయలుండెను. అది కౌలుకును, కోతకూలీలకును తీసియుంచిన సొమ్ము. ఇంటిలో ఫోను మ్రోగినది. అవతలివాడు మంచి తెలుగున మాటలాడెను. రైతులకు రావలసిన ప్రభుత్వ సహాయము పాత బాకీతో కలిపి 40,000 నిలిచిపోయినదనియు, నేటితో గడువు ముగియుననియు, తాను పంపు గళ్ళ బొమ్మను ఫోనులో తెరచి రహస్య సంఖ్య నొక్కినచో క్షణములో సొమ్ము పడుననియు చెప్పెను. తాత మెచ్చుకొనునని బాలుడు తొందరపడెను. తెరపై ‘చెల్లించు’ అన్నమాట స్పష్టముగానే యున్నది. చదువు వచ్చినవాడే దానిని చదువలేదు. సంఖ్య నొక్కెను. సొమ్ము రాలేదు, ఉన్న సొమ్ము పోయినది.

బాలుడు గడ్డివామి చాటునకు పోయి నిలుచుండెను. కాళ్ళు వణకుచుండెను. బ్యాంకునుండి వచ్చిన సందేశము ఫోనులో నుండెను. దానిని చెరిపివేసినచో తాతకు ఇప్పట్లో తెలియదు. ఆయనకు చదువు రాదు గదా! ఆ తలపు వాని మనస్సున ఒక్కసారి మెదలెను. ఇంతలో కల్లమునుండి తాత దగ్గు వినబడెను. మిరప ఘాటులో ఆ దగ్గు వానికి చిన్ననాటినుండి తెలిసినదే. ఆ సొమ్ము ఎట్లు వచ్చినదో ఆ దగ్గు చెప్పినట్లయ్యెను. వాడు పరుగెత్తిపోయి ఉన్నదున్నట్లు చెప్పి, తల వంచుకొనెను.

తాత కొంతసేపు పలుకలేదు. పిమ్మట, “ఎంతసేపయింది?” అని అడిగెను.

“పావుగంట, తాతయ్యా.”

“అయితే దొంగ ఇంకా పొలిమేర దాటి ఉండడు. ఎవరికి చెప్పాలో నీకు తెలుసా?”

బాలునికి పాఠశాలలో విన్న సంఖ్య జ్ఞప్తికి వచ్చినది. సైబరు మోసములకు గురియైనవారు 1930 అను సంఖ్యకు ఫోను చేసి చెప్పవలెను. వెంటనే చేసిరి. తరువాత బ్యాంకువారికిని తెలిపిరి. ఆ పావుగంటలోనే సొమ్ము ఒక ఖాతానుండి ఇంకొక ఖాతాకు పారియుండెను. అందులో 15,000 రూపాయలు మాత్రము దారిలో నిలిపివేయబడి, కొన్ని నెలలకు న్యాయస్థానపు ఉత్తరువుతో తిరిగి వచ్చినవి. తక్కినవి రాలేదు. కౌలు గడువునకు తాత తాను పెంచుకొన్న గేదె పెయ్యను అమ్మవలసివచ్చినది.

ఆయన మనుమని కొట్టలేదు, తిట్టలేదు. పెయ్యను తోలుకొనిపోయిన నాటి రాత్రి మాత్రము ఒక ప్రశ్న అడిగెను: “మనకొచ్చే డబ్బు కోసం మన పెట్టె తాళం ఎందుకు తీశావురా, నాయనా?”

ఈ ప్రశ్నలోనే క్రొత్త ధనపు మర్మమంతయు నున్నది. రహస్య సంఖ్య పెట్టెకు తాళపుచెవి వంటిది. సొమ్ము పంపునపుడే దానితో పని. పుచ్చుకొనుటకు దానిని నొక్కనక్కరలేదు. పుచ్చుకొనుటకు దానిని నొక్కుమన్నవాడు దొంగయే. రాజముద్ర నితరుల చేతికిచ్చిన రాజునకు రాజ్యము దక్కనట్లే, ఆ సంఖ్య నితరులకు చెప్పినవానికి సొమ్ము దక్కదు.

పూర్వపు దొంగ జేబు కత్తిరించుటకు ప్రక్కకు రావలెను. నేటి దొంగ ఏ రాష్ట్రమునుండియో, ఏ దేశమునుండియో మాటలతోనే దోచును. వాని ఆయుధములు మూడు: ఆశ, భయము, తొందర. ఆ పల్లె బాలునిపై ఆశను, తొందరను ప్రయోగించెను. పట్టణములలో చదువుకొన్నవారిపై భయమును ప్రయోగించుచున్నాడు. పోలీసు వేషముతో ఫోను తెరపై కనబడి, ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు’ అని బెదరించి, సొమ్ము పంపించుకొనుచున్నాడు. అట్టి అరెస్టు చట్టములో లేనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ఆకాశవాణి ప్రసంగమున ప్రజలకు తెలిపెను. సైబరు మోసముల వలన దేశప్రజలు కోల్పోయిన సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలు కాగా, 2024లో 22,845 కోట్లకు పెరిగినదని కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలియజేసినది. ఈ అంకెల వెనుక ఎన్ని పెయ్యలు, ఎన్ని పుస్తెలు అమ్ముడుపోయినవో ఊహింపవలసినదే.

సంఖ్యయే కాదు, వేలిముద్రయు తాళపుచెవి యగుచున్నది. ఆస్తుల రిజిస్ట్రేషను పత్రములపైనున్న వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి, ఆధారుతో కూడిన ఖాతాలనుండి సొమ్ము కాజేసిన ఉదంతములు ఇటీవలి సంవత్సరములలో తెలుగునాట బయటపడినవి. సంఖ్యను మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. కావున అవసరము లేనపుడు ఆధారులోని వేలిముద్రలకు తాళము వేసికొను సదుపాయమును వాడుకొనుట మంచిది.

సొమ్ము పోయినపుడు చాలమంది చేయు రెండవ తప్పు దాచుట. నలుగురు నవ్వుదురని సిగ్గుపడి ఊరకుందురు. దొంగకు కావలసినది ఆ వ్యవధియే. తన ప్రమేయము లేకుండ సొమ్ము పోయి, మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో, దోషము మూడవ వ్యక్తిదైనపుడు ఖాతాదారునకు నష్టముండదని రిజర్వు బ్యాంకు 2017లో నియమము చేసినది. రహస్య సంఖ్య తానే చెప్పినవాడు మాత్రము, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమును తానే భరింపవలెను. ఏ విధముగా చూచినను వెంటనే చెప్పినవానికే మేలు. ఆ బాలుడు సందేశమును చెరిపివేసియున్నచో ఆ 15,000 కూడ దక్కెడివి కావు.

క్రొత్త పద్ధతి అందరికిని ఒక్కతీరున అందదనుటయు మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను నెల మొదట ఇంటివద్దనే నగదుగా నందుట ఆచారమైనది. 2024 మే నెలలో ఎన్నికల సమయమున చాలమందికి అది బ్యాంకు ఖాతాలలో జమయైనది. ఖాతాకు చేరినంతనే సొమ్ము చేతికి చేరినట్లు కాదు. మండుటెండలో ముసలివారు బ్యాంకుల యెదుట నిలువవలసివచ్చినది. 2025 మార్చి 26న, మరల ఏప్రిల్ 12న యూపీఐ వ్యవస్థయే దేశమంతట కొంతసేపు స్తంభించినది. జేబులో నూరు రూపాయల నోటున్నవాడు ఆనాడు ఇబ్బందిపడలేదు. కావున ఫోను లేదని ఎవరిని కొట్టు మెట్టు దింపరాదు. నాలుగు నోట్లు ఇంట నుంచుకొనుట వెనుకబాటుతనము కాదు.

నేడు అనేక గృహములలో తాతల, అమ్మమ్మల ఫోనులు నడుపువారు బాలబాలికలే. అది ఆట కాదు, అప్పగింత. పూర్వము పెద్దకొడుకు చేతికి తాళపుచెవుల గుత్తినిచ్చుట ఎట్టిదో, నేడు మనుమని చేతికి ఫోనునిచ్చుట అట్టిదే. చెవులు పట్టుకొన్నవాడు మెలకువతో నుండవలెను. తప్పు జరిగిన దాచకుండవలెను.

ఆ పల్లెలో తాతయు మనుమడును ఇప్పుడొక పద్ధతి పెట్టుకొన్నారు. సొమ్ము పంపవలసినపుడు బాలుడు తెరపైనున్న పేరును, అంకెను బిగ్గరగా చదువును. తాత వినును. “ఇంకోసారి చదువు” అనును. బాలుడు మరల చదువును. రెండవమారు విన్న తరువాతనే తాత తల యూపును. బాలుడు సంఖ్య నొక్కును. నోట్లు పోయినవి, ఇచ్చునపుడు రెండుసార్లు ఎంచు అలవాటు మాత్రము ఆ యింట నిలిచియున్నది.